తాళం తిప్పే ముందు చేత్తో రెండు చుట్లు

ప్రశ్న: మా నాన్నగారి ఆల్టో 2011 మోడల్, 796 సీసీ పెట్రోల్. 78 వేల కిలోమీటర్లు తిరిగింది. టైమింగ్ బెల్ట్ మార్చినట్టు ఇంట్లో ఒక్క బిల్లు కూడా లేదు. ఆయిల్, బ్రేక్ ప్యాడ్లు, స్పార్క్ ప్లగ్గులు నేనే మార్చుకుంటాను. ఈ బెల్ట్ కూడా మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నేనే మార్చాలని ఉంది. వీడియోలు చాలా చూశాను, ఒక్కొక్కరు ఒక్కోలా చేస్తున్నారు. నాన్న మాత్రం "ఇంజన్ జోలికి పోకు, ఉన్నది చెడగొడతావు" అంటున్నారు. దసరాకి ఇంటిల్లిపాదీ ఖమ్మం వెళ్ళాలి. చేయమంటారా, మెకానిక్‌కి ఇవ్వమంటారా?
(మల్కాజిగిరి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: చేయండి. బ్రేక్ ప్యాడ్లు సరిగ్గా మార్చగలిగిన చేతులకి ఈ పని అందనిదేం కాదు. కాకపోతే ఇందులో ఒక తేడా ఉంది. బ్రేకుల పనిలో తప్పు చేస్తే పెడల్ తొక్కగానే తెలుస్తుంది. టైమింగ్ బెల్ట్ విషయంలో తప్పు తెలిసేసరికి నష్టం జరిగిపోయి ఉండొచ్చు. అందుకే ఈ జవాబులో బోల్టులు విప్పడం గురించి తక్కువ, తప్పు జరిగిందో లేదో తాళం తిప్పకముందే తెలుసుకోవడం గురించి ఎక్కువ రాస్తున్నాను.

ముందు ఒక మాట. మీరు చేసినా, మెకానిక్ చేసినా, ఆ బెల్ట్‌తో ఖమ్మం మాత్రం వెళ్ళకండి. సాధారణంగా ఈ బెల్టుల ఆయుష్షు బండిని బట్టి 60 వేల నుంచి లక్ష కిలోమీటర్లు అంటారు కాబట్టి 78 వేలంటే ఇంకా కొంత మిగిలిందనిపిస్తుంది. కానీ రబ్బరుకి ఏళ్ళు కూడా లెక్కే. 2011 నుంచి అదే బెల్ట్ అయితే ఇన్ని వేసవులు ఇంజన్ వేడికి, మన ఊరి మే నెల ఎండకి మగ్గిన రబ్బరు అది. కవర్ విప్పి చూస్తే పగుళ్ళు కనిపించకపోవచ్చు, కొత్తదానిలాగే ఉండొచ్చు. లోపల గాజు నూలు పోగులు ఉంటాయి, బలం వాటిదే. అవి ఎంత అలిసిపోయాయో పైనుంచి కంటికి తెలియదు. కాబట్టి చూడ్డానికి బాగుందని వదిలేయకండి.

మీది 796 సీసీ అని రాశారు కాబట్టి బెల్టే. ఆల్టో కే10 అయితే చైన్ ఉండేది, ఈ పనే అవసరం ఉండేది కాదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్ళు చాలామందికి ఈ తేడా తెలియదు, అందుకే చెప్తున్నాను.

ఆ బెల్ట్ ఏం చేస్తుందో చేతికి అర్థమైతే సగం భయం పోతుంది. ఇంట్లో అమ్మగారి కుట్టుమిషన్ ఉంటే దాని చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పి చూడండి. సూది కిందికి దిగి కొంచెం పైకి లేచే సమయానికి కిందనుంచి బాబిన్ దగ్గరి కొక్కెం వచ్చి దారాన్ని అందుకుంటుంది. ఆ సమయం తప్పితే కుట్టు పడదు, ఒక్కోసారి కొక్కెం తగిలి సూదే విరుగుతుంది. పళ్ళ బెల్ట్ 1940లలో అమెరికాలో పుట్టిందే ఆ పని కోసం, సూదినీ బాబిన్‌నీ ఒక లెక్కలో నడపడానికి. కార్ల ఇంజన్‌లోకి అది 1962లో పశ్చిమ జర్మనీలో గ్లాస్ 1004 అనే కారుతో వచ్చింది. మన దగ్గర అంబాసిడర్‌కీ, పాత ఫియట్‌కీ చైన్లే ఉండేవి. 1983 చివర్లో మారుతి 800 వచ్చాకే మన మెకానిక్‌లలో ఎక్కువమంది ఈ బెల్ట్‌ని చూశారు.

మీ ఇంజన్‌లో సూది స్థానంలో సిలిండర్‌లో పైకీ కిందికీ ఆడే పిస్టన్లు, కొక్కెం స్థానంలో గాలీ పెట్రోలూ రావడానికి, పొగ పోవడానికి తెరుచుకునే వాల్వులు అనుకోండి. కింద పిస్టన్లు తిప్పే ఇరుసు క్రాంక్, పైన వాల్వులని తెరిచే ఇరుసు క్యామ్, ఆ రెంటినీ కలిపి తిప్పేది ఈ బెల్ట్. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరగాలి. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఒక్కో వాల్వు సెకనుకి 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. చాలా ఇంజన్లలో వాల్వు తెరుచుకుని దిగే చోటికే పిస్టన్ కూడా ఎక్కి వస్తుంది. చోటు ఒకటే, సమయాలు వేరు. వాటిని వేరుగా ఉంచేది ఈ బెల్ట్. అది తెగితేనో, కొన్ని పళ్ళు తప్పితేనో పిస్టన్ వెళ్ళి వాల్వుని గుద్దుతుంది. వాల్వులు వంగితే ఇంజన్ పై భాగం, అంటే హెడ్ విప్పాల్సిందే. బెల్ట్ ఖర్చు వందల్లో పోయేది అప్పుడు వేలల్లోకి వెళ్తుంది. ఏ బండి మీద చేయి పెట్టినా ఇది అలాంటి ఇంజనే అనుకుని పని చేయడం నా పద్ధతి.

నేను మొదటిసారి బెల్ట్ మార్చింది ఒక మారుతి 800కి. గుర్తులు కలిపాను, బెల్ట్ ఎక్కించాను, అన్నీ బిగించి సెల్ఫ్ కొట్టాను. స్టార్ట్ అయింది. ఐడిలింగ్‌లో కొంచెం వణుకు ఉన్నా పట్టించుకోలేదు. మర్నాడు బంజారాహిల్స్ చడావు ఎక్కుతుంటే రెండో గేరులో కూడా లాగలేదు, వెనక హారన్లు. మూడు రోజులు కార్బురేటర్ విప్పాను, ప్లగ్గులు మార్చాను, పెట్రోల్ ఫిల్టర్ మార్చాను. నాలుగో రోజు టైమింగ్ కవర్ విప్పితే క్యామ్ పుల్లీ గుర్తు ఉండాల్సిన చోటికి ఒక పన్ను పక్కన ఉంది. బెల్ట్‌ని ఒక పక్క నుంచి నొక్కి బిగువుగా ఉంచే చిన్న చక్రాన్ని టెన్షనర్ అంటారు. బెల్ట్ వేసేటప్పుడు అది లేని వైపు కాస్త వదులు వదిలేశాను. టెన్షనర్ ఆ వదులుని లాగేసరికి క్యామ్ కదిలిపోయింది. క్రాంక్ పుల్లీకి 20 పళ్ళు ఉన్నాయనుకుంటే ఒక పన్ను అంటే 18 డిగ్రీల తేడా. ఆ రోజు తాళం తిప్పే ముందు ఇంజన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి ఉంటే ఆ తేడా అప్పుడే కనిపించేది. ఒక పన్నుతో పోయింది కాబట్టి వాల్వులు బతికాయి.

ఇక మీ పని. బండికి రెండు రోజులు పూర్తిగా సెలవు ఇవ్వండి. శనివారం పొద్దున మొదలుపెట్టి సోమవారం ఆఫీసుకి బండి కావాల్సిందే అనే పరిస్థితి ఉంటే ఇప్పుడే మెకానిక్‌కి ఇచ్చేయండి. తొందరలో చేసే పని కాదిది. వానాకాలం సంగతి కూడా చూసుకోండి. గట్టి వాన పడితే చాలా సెల్లార్లలోకి నీళ్ళు వస్తాయి, చక్రం విప్పి స్టాండ్ మీద ఉన్న బండిని అప్పటికప్పుడు కదపలేరు. సెల్లార్ ర్యాంప్ మీద, దాని వాలులో అసలు పెట్టొద్దు, చదునైన చోటు చూసుకోండి.

బండితో వచ్చిన జాకీ స్టెప్నీ మార్చడానికే. దాని మీద బండిని నిలబెట్టి కిందికి చేయి పెట్టొద్దు. సిమెంట్ ఇటుకలు కూడా వద్దు, బరువుకి అవి ఉన్నట్టుండి పగులుతాయి. జాక్ స్టాండ్లు రాణిగంజ్‌లో దొరుకుతాయి. వెనక చక్రాలకి అటూ ఇటూ చెక్క ముక్కలు అడ్డం పెట్టండి. బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పేయండి. బండి తాళం మీ జేబులోనే ఉండాలి. ఇంట్లో వాళ్ళకీ వాచ్‌మన్‌కీ చెప్పి పెట్టండి, బెల్ట్ లేనప్పుడు ఎవరో వచ్చి ఒక్కసారి సెల్ఫ్ కొట్టినా, గేరులో ఉన్న బండిని అడ్డమని తోసినా క్రాంక్ ఒక్కటే తిరుగుతుంది, క్యామ్ తిరగదు.

విడిభాగాలు కొనేటప్పుడు ఛాసిస్ నంబర్ చెప్పి, పార్ట్ నంబర్ సరిచూసుకుని, బిల్లుతో తీసుకోండి. రాణిగంజ్, పుత్లీబౌలిలో అన్నీ దొరుకుతాయి కానీ నకిలీలు గుర్తుపట్టడం కొత్తవాళ్ళకి కష్టం. కంపెనీ అధీకృత పార్ట్స్ షాపులో నాలుగు డబ్బులు ఎక్కువైనా ఈ ఒక్క వస్తువుకి బేరం వద్దు. బెల్ట్‌తోపాటు టెన్షనర్ కూడా కొత్తది వేయండి. దాని బేరింగ్ పట్టేస్తే కొత్త బెల్టూ పోతుంది. క్యామ్, క్రాంక్ దగ్గర నూనె బయటికి రాకుండా ఆపే ఆయిల్ సీల్స్ కూడా తెచ్చి పెట్టుకోండి, కవర్ విప్పాక అక్కడ నూనె తడి కనిపిస్తే మార్చాలి. నూనె తగిలిన బెల్ట్ ఎక్కువ కాలం ఉండదు. కొన్ని ఇంజన్లలో నీళ్ళ పంపు కూడా ఇదే బెల్ట్ మీద తిరుగుతుంది, అలాంటి వాటికి పంపు కూడా ఇప్పుడే మార్చడం మంచిది. కొత్త బెల్ట్‌ని మడవకండి, మెలి తిప్పకండి, లోపలి వైపు బయటికి తిప్పి చూడకండి. ఆ గాజు పోగులు మడతకి తెగుతాయి, తెగినట్టు పైకి తెలియదు.

పానాల సెట్ మీ దగ్గర ఉండే ఉంటుంది. దానికి అదనంగా పొడవాటి రాడ్, ఎంత బలంతో బిగిస్తున్నామో (టార్క్) కొలిచి చెప్పే టార్క్ రెంచ్ కావాలి. టార్క్ రెంచ్ కొనలేకపోతే ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి, అది లేకుండా మాత్రం మొదలుపెట్టొద్దు. మీ ఇంజన్ వర్క్‌షాప్ మాన్యువల్ కూడా సంపాదించండి. వీడియోల్లో ఒక్కొక్కరు ఒక్కోలా చేస్తున్నారని రాశారు కదా, దానికి కారణం చాలావరకు వాళ్ళు చూపించే ఇంజన్లు వేరు కావడమే. సాంట్రో గుర్తులు ఆల్టోకి పనికిరావు. ఎంత బిగించాలన్న అంకెలు కూడా మాన్యువల్ నుంచే తీసుకోండి.

విప్పడంలో ఎక్కువమందిని ఆపేసేది క్రాంక్ బోల్టు. ఏళ్ళ తరబడి కదలని బోల్టు అది. బండిని ఐదో గేరులో పెట్టి, ఒకరిని బ్రేక్ గట్టిగా తొక్కమని, పొడవాటి రాడ్‌తో నెమ్మదిగా బలం పెంచండి. నాన్నగారినే బ్రేక్ మీద కూర్చోబెట్టండి. కుదుపులు, సుత్తి దెబ్బలు వద్దు. రాడ్‌ని నేలకి ఆనించి సెల్ఫ్ కొట్టి బోల్టు వదులు చేసే చిట్కా కొందరు చూపిస్తారు. రాడ్ జారితే చేయి విరుగుతుంది, దాన్ని ముట్టుకోకండి. బోల్టు తల అరిగిపోతున్నట్టు అనిపిస్తే అక్కడే ఆపండి. బెల్ట్ ఇంకా దాని చోటే ఉంది కాబట్టి బండి ఏమీ పాడు కాలేదు, మెకానిక్‌ని ఇంటికి పిలవచ్చు. బోల్టు వదులయ్యాక బండిని న్యూట్రల్‌లోకి తెచ్చి, స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పేయండి. ఇంజన్‌ని బండికి పట్టి ఉంచే మౌంట్ అడ్డం వచ్చి విప్పాల్సి వస్తే ముందే ఇంజన్ అడుగున నూనె ఉండే ఆయిల్ సంప్ కింద వెడల్పు చెక్క పెట్టి జాకీతో ఇంజన్‌ని ఆనించండి.

ఇప్పుడు గుర్తులు. ఇక్కడ ఒక గంట పట్టినా పట్టనివ్వండి. బెల్ట్ ఉన్న వైపు నుంచి చూస్తూ, గడియారం ముల్లు తిరిగే వైపే, క్రాంక్ బోల్టు పట్టుకుని ఇంజన్‌ని తిప్పండి. వెనక్కి తిప్పొద్దు, క్యామ్ బోల్టు పట్టుకుని అసలు తిప్పొద్దు. క్యామ్ పుల్లీ గుర్తు దాని ఎదురు గుర్తుకి, కింద పళ్ళ పుల్లీ గుర్తు దాని ఎదురు గుర్తుకి ఒకేసారి రావాలి. కొత్తవాళ్ళు ఇక్కడ రెండు చోట్ల పొరబడతారు. ఒకటి, బయటి పెద్ద పుల్లీ మీద ఇగ్నిషన్ టైమింగ్ కోసం ఇంకో గీత ఉంటుంది, దాన్ని చూసి ఇదే అనుకుంటారు. మనకి కావాల్సింది లోపల బెల్ట్ తిరిగే పళ్ళ పుల్లీ గుర్తు. క్యామ్ పుల్లీ మీద కూడా ఒకటికి మించి గుర్తులు ఉండొచ్చు, మాన్యువల్‌లో ఏది చెప్పారో అదే. రెండోది, క్రాంక్ గుర్తు కలిసినా ఒక్కోసారి క్యామ్ గుర్తు సరిగ్గా అవతలి వైపు ఉంటుంది. కంగారు పడకండి, క్రాంక్‌ని ఇంకో చుట్టు తిప్పండి. క్రాంక్‌కి రెండు చుట్లు అయితేనే కదా క్యామ్‌కి ఒకటి.

రెండూ కలిశాక ఫోన్‌తో ఫోటోలు తీయండి, ఎదురుగా నిలబడి తీయాలి, పక్కనుంచి తీస్తే గుర్తు జరిగినట్టు కనిపిస్తుంది. తర్వాత తెల్ల నెయిల్ పాలిష్‌తో క్యామ్ పుల్లీ పన్ను మీదా దాని మీద కూర్చున్న బెల్ట్ మీదా ఒక చుక్క, కింద కూడా అలాగే. పాత బెల్ట్ విప్పాక రెండు చుక్కల మధ్య పళ్ళు లెక్కపెట్టి కొత్త బెల్ట్ మీద అదే లెక్కకి చుక్కలు పెట్టుకోండి. మొత్తం పళ్ళు, వెడల్పు కూడా సరిపోల్చండి. కానీ చుక్కలు సాయం మాత్రమే. పాత బెల్ట్‌ని ఎవరో తప్పుగా వేసి ఉంటే చుక్కలు ఆ తప్పునే మళ్ళీ వేయిస్తాయి. చివరి మాట పుల్లీల మీద కంపెనీ వేసిన గుర్తులదే.

టెన్షనర్ వదులు చేసి బెల్ట్ తీశాక క్రాంక్, క్యామ్ రెండూ ఉన్నచోటే ఉండాలి. వాల్వు స్ప్రింగుల ఒత్తిడికి క్యామ్ తనంతట తనే కొంచెం జరగొచ్చు. ఒక్క పన్ను మేర జరిగితే నెమ్మదిగా వెనక్కి తెచ్చుకోవచ్చు. గిర్రున తిరిగిపోయి, ఎటు తేవాలో తెలియకపోతే బలవంతం చేయకండి, తెలిసినవాళ్ళని పిలవండి.

కొత్త బెల్ట్‌ని క్రాంక్ దగ్గర మొదలుపెట్టి, టెన్షనర్ లేని వైపు బిగువుగా లాగి పట్టుకుంటూ క్యామ్ మీదికి ఎక్కించండి. వదులంతా టెన్షనర్ వైపే మిగలాలి. నేను 800 మీద చేసిన తప్పు ఇక్కడే. బెల్ట్ మీద బాణం గుర్తు ఉంటే ఇంజన్ తిరిగే వైపు చూడాలి. స్క్రూడ్రైవర్‌తో కుళ్ళగించి ఎక్కించొద్దు. టెన్షనర్ స్ప్రింగ్ తన పని తాను చేశాక గుర్తులు ఇంకోసారి చూడండి.

ఇక చేత్తో రెండు చుట్లు. ప్లగ్గులు విప్పి ఉంచమన్నది దీని కోసమే. ప్లగ్గులు ఉంటే కంప్రెషన్ వల్ల ఇంజన్ బరువుగా తిరుగుతుంది, ఆ బరువుకీ, లోపల ఏదో తగలడానికీ తేడా కొత్త చేతికి తెలియదు. ప్లగ్గులు లేకపోతే ఇంజన్ దాదాపు ఒకే తీరుగా తిరుగుతుంది. క్యామ్ వాల్వు స్ప్రింగుల్ని నొక్కేటప్పుడు కాస్త బరువెక్కి, దాటాక తేలికవుతుంది. అంతే. చిన్న రాడ్‌తో, ఒక చేత్తో, గోడ గడియారంలో సెకన్ల ముల్లులా తిప్పండి. ఎక్కడైనా ఇనుము ఇనుముకి తగిలినట్టు టక్కున ఆగితే, ఆగిపోండి. ఇంకొంచెం బలం పెడదామని అనుకోవద్దు. అక్కడ పిస్టన్ వాల్వుని తాకింది. చేతి బలంతో, నెమ్మదిగా తగిలినప్పుడు సాధారణంగా ఏమీ కాదు. అదే సెల్ఫ్ మోటార్ తిప్పి ఉంటే వాల్వు వంగేది. బెల్ట్ తీసి మళ్ళీ మొదటినుంచి గుర్తులు కలపండి.

రెండు చుట్లు పూర్తయ్యాక గుర్తులు రెండూ మళ్ళీ ఎదురెదురుగా వచ్చి నిలబడాలి. అర పన్ను తేడా ఉన్నట్టు అనిపిస్తే, ఫోటోతో పోల్చి చూడండి. ఒక పన్ను తేడా ఉంటే ఉన్నట్టే, "దగ్గరగానే ఉందిలే" అని సర్దుకోవద్దు. బెల్ట్ తీసి మళ్ళీ వేయండి. కలిస్తే మాన్యువల్ చెప్పిన టార్క్‌కి టెన్షనర్ బిగించి, ఇంకో రెండు చుట్లు తిప్పి ఇంకోసారి చూడండి. బిగించేటప్పుడే టెన్షనర్ కాస్త జరిగిన సందర్భాలు నేను చూశాను. మూడుసార్లు ప్రయత్నించినా కలవకపోతే పని ఆపి మెకానిక్‌ని ఇంటికే పిలిపించండి. బండిని స్టార్ట్ చేసి షెడ్డు దాకా నడుపుకుంటూ వెళ్ళే ఆలోచన వద్దు.

తర్వాతదంతా తీసినవి తిరిగి పెట్టడమే. క్రాంక్ బోల్టు మళ్ళీ గేరు, బ్రేక్ పద్ధతిలో టార్క్‌కి బిగించండి. ప్లగ్గులు, కవర్లు, ఆల్టర్నేటర్ బెల్ట్ పెట్టాక పానాలు లెక్కపెట్టుకోండి, ఒకటి తగ్గితే అది ఇంజన్ దగ్గరే ఉంది. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసి, బ్యాటరీ తగిలించి, అప్పుడు తాళం తిప్పండి. వింత చప్పుడు వస్తే వెంటనే ఆపండి. కూత పెడుతుంటే బెల్ట్ మరీ బిగువైందనీ, కవర్‌కి టపటపా కొట్టుకుంటుంటే వదులైందనీ అనుమానించాలి. చప్పుడేమీ లేకపోయినా ఐడిలింగ్‌లో కొత్తగా వణుకు వచ్చినా, పికప్ తగ్గినా, ఇంజన్ లైటు వెలిగినా కార్బురేటర్ పట్టుకుని తిరిగిన నా మూడు రోజులు గుర్తుచేసుకుని ముందు టైమింగ్ కవరే విప్పండి.

నాన్నగారి సంగతి. ఆయన భయం సరైనదే, ఆ బండి ఎన్ని కష్టాలకి కొన్నారో ఆయనకే తెలుసు. "నాకు వచ్చు" అని వాదించే బదులు, గుర్తులు కలిసినప్పుడు ఆయన్నే పిలిచి చూపించండి. బెల్ట్ వేశాక ఆ రెండు చుట్లు ఆయన ముందే తిప్పండి, గుర్తులు తిరిగి వచ్చి నిలబడ్డాయో లేదో ఆయన్నే చెప్పమనండి. మన చేత్తో కలిపిన గుర్తు మన కంటికి ఎప్పుడూ కలిసినట్టే ఉంటుంది, రెండో మనిషి కన్ను అందుకే కావాలి.

ఈ పని దసరాకి కనీసం మూడు వారాల ముందే పెట్టుకోండి. అయ్యాక మొదటి వంద కిలోమీటర్లు ఉప్పల్, తార్నాక, సికింద్రాబాద్ అంటూ ఇంటికి దగ్గర్లోనే తిప్పండి, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కొద్దు. తర్వాత కవర్ కింద నూనె గానీ కూలెంట్ గానీ కారుతోందేమో టార్చి వేసి చూడండి. తేదీ, కిలోమీటర్లు ఒక స్టిక్కర్ మీద రాసి బానెట్ లోపల అతికించండి, ఈసారి బిల్లు కోసం ఎవరూ వెతుక్కోనక్కర్లేదు. అంతా పొడిగా ఉంటే ఖమ్మం వెళ్ళి రండి.